పక్క గదిలో తొజామా

కరీగా ఊళ్ళో కారు సీట్లకు తొడుగులు కుట్టే మా ఫ్యాక్టరీలో తొజామా హెచ్‌ఆర్ మేనేజరు. ఆమెకున్న మంచి పేరు సగం ఆమె తయారుచేసిన పిల్లల వల్ల వచ్చిందే. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ట్రైనీలను దగ్గర కూర్చోబెట్టుకుని, విచారణ ఎలా జరపాలో, యూనియన్ వాళ్ళు బల్ల గుద్దితే ఎలా ఓర్చుకోవాలో నేర్పేది. శిక్షణ పూర్తయ్యాక ఆమె సంతకం పెట్టి పంపితే, హెచ్‌ఆర్ వృత్తి బోర్డు వాళ్ళు పిలిచి ప్రశ్నలడిగి రిజిస్టరు చేసుకునేవారు. ఆమె పంపిన వాళ్ళు తప్పడం అరుదు. నేను జీతాల విభాగంలో, ఆమె గదికి ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టి ఇదంతా నా కళ్ళముందు జరిగిందే.

అలాంటి ట్రైనీల్లో ఒకతి అవేతు, కొమానీ అనే ఊరి నుంచి వచ్చింది. మాట తక్కువ, పని ఎక్కువ. ఊరి పక్కనున్న క్వానొబుహ్లే పేటలో ఒకావిడ ఇంటి పెరట్లో గది అద్దెకు తీసుకుంది. తొజామాను ‘అమ్మా’ అని పిలిచేది.

ఆ ఏడు చలికాలంలో నొలుఫెఫె వేళ్ళు మొద్దుబారాయి. మా కుట్టుమిషన్ల మీద ఆమెకంటే పాత మనిషి లేదు. ఇక కుట్టకూడదని డాక్టరు రాశాడు. వేరే పని కోసం అన్ని విభాగాలూ వెతికారు, దొరకలేదు. ఉద్యోగం మాన్పించక తప్పదని తేలింది.

నొలుఫెఫె, తొజామా మా చర్చి మహిళా సంఘంలో ఒకే బెంచీ. గురువారం గురువారం ఎర్ర జాకెట్లు వేసుకుని పక్కపక్కన నిలబడి పాడేవారు. తొజామా భర్త పోయినప్పుడు వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టింది నొలుఫెఫే.

ఆ కబురు చెప్పాల్సిన రోజు తొజామా అవేతును పిలిచింది.

“ఇవాళ నొలుఫెఫెతో నువ్వే మాట్లాడు తల్లీ. బోర్డువాళ్ళు ఇలాంటివే అడుగుతారు. నీకు పనికొస్తుంది.”

“మీరు పక్కన ఉంటారా అమ్మా?”

“నేనుంటే నువ్వు నా మొహం చూస్తావు, నేర్చుకోవు. నా గురించి అడిగితే ఊళ్ళో లేనని చెప్పు.”

అవేతు తలూపి ఫైలు అందుకుంది. తొజామా పక్కనున్న ఫైళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మధ్యలో ఉన్నది పల్చటి చెక్కగోడ. నేను ఏదో కాగితం కోసం ఆ గదిలోకి వెళితే, అట్టపెట్టె మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కనిపించింది. మాట్లాడొద్దని సైగ చేసింది. నేను బయటికొచ్చేశాను.

“తొజామా ఏదీ?” అని తొజామా గదిలోంచి నొలుఫెఫె గొంతు వినిపించింది.

“ఊళ్ళో లేరండీ.”

“లేదా? మరి కింద ఆవరణలో ఆవిడ కారు ఎవరు పెట్టారో.”

అవేతు ఆమెకు కుర్చీ జరిపింది. చెప్పాల్సింది మెల్లగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. నొలుఫెఫె ఏడ్చి, ఇచ్చిన టీ ముట్టకుండా వెళ్ళిపోయింది.

పాపం, ఆమె స్నేహితురాలిని అనుమానించలేదు. గురువారం చర్చి బయట అందరి ముందూ అంది: “నీకు తెలియకుండా ఆ కొత్త పిల్లే నన్ను గెంటేసిందే. నువ్వు ఊళ్ళోనే ఉంటే లేవని మొహమ్మీదే అబద్ధమాడింది. నీకు తెలిస్తే ఊరుకునేదానివా?”

తొజామా టోపీ సర్దుకుంది.

అవేతు అద్దెకున్న ఇంటావిడ కూడా అక్కడే ఉండి ఆ మాట వింది. ఆ నెలాఖరుకల్లా తమ్ముడొస్తున్నాడని చెప్పి గది ఖాళీ చేయించింది. ఎక్కడో ఊరి చివర ఇంకో గది దొరికింది. రెండు షేరు టాక్సీలు మారి రావాలి.

“గది మార్చావటగా?” అంది తొజామా.

“అక్కడ గాలి బాగుంటుందమ్మా.”

తొజామాకు కారణం తెలుసు. తెలిసీ అడిగింది.

బోర్డు ఇంటర్వ్యూలో అవేతు నెగ్గింది. కేకు తెచ్చి మా అందరికీ పంచి, తొజామా దగ్గర కూర్చుంది. “నొలుఫెఫెగారి సంగతే చెప్పానమ్మా. అంత కష్టమైన పని నన్ను నమ్మి వదిలేశారని చెప్పాను.”

“ఇంకేమడిగారు?”

“పైవాళ్ళు నీచేత ఎప్పుడైనా అబద్ధం ఆడించారా అన్నారు.” పిల్ల గొంతు తగ్గింది. “లేదన్నాను. మీ పేరు పోతుందని.”

తొజామా చేతిలోని కేకు బల్లమీద పెట్టేసింది. “నమ్మి కాదే,” అంది. “దాని మొహం చూసే ధైర్యం లేక నిన్ను ముందుకు తోశాను.”

అవేతు చాకును కాగితంతో తుడుస్తూనే ఉంది. “నేనది పాఠమనుకున్నాను. గది పోయినా పాఠంలో భాగమే అనుకున్నాను.”

మర్నాడు అవేతు తనే బోర్డుకు ఫోను చేసి, తన జవాబు తప్పని చెప్పింది. వాళ్ళు రిజిస్ట్రేషన్ ఆపి, కొన్నాళ్ళకు మళ్ళీ పిలిచి అడిగి ఇచ్చారు. ట్రైనీలకు శిక్షణ ఇచ్చే మెంటర్ల జాబితాలోంచి తొజామా పేరు తీసేశారు.

శనివారం తొజామా నొలుఫెఫె ఇంటికి వెళ్ళింది; అక్కడ జరిగింది తర్వాత తనే నాకు చెప్పింది. నొలుఫెఫె ఎడమచేత్తో రొట్టెల పిండి కలుపుతోంది.

“ఆరోజు పక్క గదిలోనే ఉన్నానే.”

నొలుఫెఫె చెయ్యి ఆగింది. “అంతా విన్నావా?”

“విన్నాను.”

“నేను ఏడ్చింది కూడానా?”

“ఊఁ.”

నొలుఫెఫె పిండి మీద గుడ్డ కప్పి, చెయ్యి కడుక్కుని వచ్చింది. “ఉద్యోగం నిలబెట్టడం నీ చేతిలో లేదని నాకు తెలియదా? నువ్వొచ్చి చెప్తే నీమీదే పడి ఏడ్చేదాన్ని. అది పోనీ. ఆ పిల్లని నాచేత ఊరంతా తిట్టించావు. వచ్చే గురువారం నీ నోటితోనే చెప్పు.”

ఆ గురువారం తొజామా అందరి ముందూ లేచి నిలబడి చెప్పింది. మా సంఘంలో ఎవరి గొంతయినా వణికితే మిగతావాళ్ళు వెంటనే పాట ఎత్తుకుంటారు. ఆ రోజు ఎవరూ ఎత్తుకోలేదు. ఆమె అలాగే ఆగి ఆగి చివరిదాకా చెప్పి కూర్చుంది. చాలాసేపటికి వెనకనుంచి ఎవరో అందుకున్నారు. నొలుఫెఫె కాదు.

పాత ఇంటావిడ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి అవేతును మళ్ళీ రమ్మంది. “ఉన్నచోట బాగానే ఉందండీ,” అని ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత మా ప్రాంతంలోనే ఉన్న ఈస్ట్ లండన్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు తొజామా గదిలోకి వచ్చి, “వెళ్ళొస్తాను మేడమ్,” అంది.

ఇప్పుడు ఇలాంటి కబురు ఎవరికైనా తొజామాయే ఎదురుగా కూర్చుని చెబుతుంది. నొలుఫెఫె టాక్సీ స్టాండు దగ్గర ఆవిరి రొట్టెలు అమ్ముతుంది. తొజామా వెళితే రొట్టె ఇస్తుంది, పలకరిస్తుంది, కూర్చోమని మాత్రం అనదు.

ఈమధ్య అవేతు కూడా ఈస్ట్ లండన్‌లో ట్రైనీలకు మెంటరు అయిందని తెలిసింది. అభినందిద్దామని తొజామా ఫోను చేతిలోకి తీసుకుంది. ఏమనాలో తోచక మళ్ళీ బల్లమీద పెట్టేసింది.