తుపాకి మేష్ట్రు

ఒక్క అక్షరం పలికి దాన్ని పంతొమ్మిదేళ్ళు మోశాను. రాయి అయితే ఎక్కడో ఒకచోట దించి ఉండేవాణ్ణి. ఇది నాతోపాటు తిన్నది, నాతోపాటు పడుకున్నది. రిటైరైన రోజు శాలువా కప్పుతుంటే, కప్పుతున్నది నాకా దానికా అనిపించింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఉద్యోగమంతా కన్నడంలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ సంగతి మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో తప్ప చెప్పుకోవడం చేతకావడం లేదు.

మా వైపు పల్లెల్లో నన్ను తుపాకి మేష్ట్రు అంటారు. ఎగతాళికి కాదు, గౌరవానికే. కోలారు జిల్లాలో బంగారుపేట దాటి తమిళనాడు సరిహద్దు అడవి దిక్కుగా పోతే ఒక పల్లె, ఆ పల్లెలో రెండు గదుల బడి. నేను అక్కడ పనిచేసేటప్పుడు ఒక మధ్యాహ్నం బడి ఆవరణలోకి చిరుత వచ్చిందనీ, నా చేతిలో తుపాకి ఉండబట్టి దాన్ని బెదరగొట్టి ఒక ఆడపిల్లను కాపాడాననీ అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన ఆ సంగతి అబద్ధం. చిరుత రాలేదు.

తుపాకి మాత్రం నిజం. అది మా నాన్నది. రాగి చేలల్లో, వేరుశనగలో అడవిపందులు పడకుండా కాపలాకని లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం నాటు తుపాకి. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. ఎన్నికలు ప్రకటించారంటే ఇలాంటి తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పజెప్పాలి, ఎన్నికలయ్యాక తెచ్చుకోవాలి. ఇందులో ఒక చిక్కుంది. మందూ గుళ్ళూ గొట్టం మూతిలోంచి కూరతాం. కూరింది మళ్ళీ బయటికి తీయడం పెద్ద పని, పేల్చేయడమే తేలిక. పందుల కాలంలో అందరం మందు కూరే ఉంచుకుంటాం, వెనక నిప్పు పుట్టించే కేపు ఒక్కటి పెట్టకుండా. కేపు లేనిది పేలదు కదా అని ధీమా. స్టేషనుకు పోయే ముందు చేలో ఒకసారి పేల్చి, ఖాళీ చేసుకుని పోతాం.

ఆ రోజు గడువుకు ఆఖరి రోజు. పొద్దున ఆవు పాలివ్వకుండా సతాయించింది, డెయిరీకి ఆలస్యమైంది, చేలోకి పోవడానికి తీరలేదు. నాకే ఎన్నికల డ్యూటీ ఉంది, నేనే గడువు దాటిస్తే ఏం మర్యాద? తుపాకిని గోనెసంచిలో చుట్టి, మోపెడ్‌కు కట్టుకుని బడికి తెచ్చేశాను. ఆఫీసు గదిలో దేశపటాల చుట్టల వెనక నిలబెట్టి గదికి తాళం వేశాను. మధ్యాహ్నం పిల్లలు భోజనానికి కూర్చున్నప్పుడు బడి వెనక నీలగిరి తోపులో పేల్చేసి, సాయంత్రం స్టేషనులో ఇచ్చేయాలన్నది నా ఏర్పాటు. ఎంత పద్ధతిగా ఆలోచించానో చూడండి. నేను జాగ్రత్త మనిషినని పేరు.

మధ్యాహ్నం వంటగది వెనక నిలబడి కేపు పెట్టాను. తోపులోకి పోయి పెట్టాలి. చేతులు అలవాటు కొద్దీ వాటి పని అవి చేసేశాయి. అంతలో బడి ముందర బైకు ఆగింది. తనిఖీకి వచ్చే అధికారి. బడిలో ఈ వస్తువు ఆయన కంట పడితే నా ఉద్యోగం ఏమవుతుంది? కేపు తీయాలన్న బుద్ధి పుట్టలేదు. తుపాకిని సంచిలోకి దూర్చి, కట్టెల మోపుకు ఆనించి ముందరికి ఉరికాను. రెండు నిమిషాల పని అనుకున్నాను. ఆయన పిల్లల చేత ఎక్కాలు చెప్పించాడు, సాంబారు రుచి చూశాడు, పుస్తకంలో సంతకం పెట్టి కదిలేసరికి ముప్పావుగంట.

నేను మళ్ళీ వెనక్కి వచ్చేటప్పటికి మంజుల నీళ్ళ తొట్టి దగ్గర ఉంది. ఐదో తరగతి. పట్టుపురుగులు మేపే ఇంటి పిల్ల. మెల్లగా తింటుంది, అందరూ పోయాక పళ్ళెం కడుక్కుంటుంది. హడావుడిలో నేను ఆమెను గమనించలేదు. సంచి పట్టుకుని పైకి లాగాను. కేపు మీద పడే ఇనుప ముక్కకు గోనె పోగు చుట్టుకుంది. ముక్క లేచింది, పడింది.

గుళ్ళు వంటగది రేకుల్లోకి పోయాయి. ఆమెకు ఒక్కటీ తగల్లేదు. చప్పుడు తగిలింది. గొట్టం మూతికి ఆమె ఎడమ చెవికి మధ్య రెండు బారల దూరం కూడా లేదు. కింద కూర్చుండిపోయి, నోరు తెరిచి, ఏడవకుండా నా వైపు చూసింది. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగింది.

వంట చేసే నారాయణమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ వారంలో చుట్టుపక్కల రెండు మేకలు పోయాయి, ఊరంతా చిరుత మాటే. ఆమె నన్ను చూసింది, తుపాకిని చూసింది, పిల్లను చూసింది.

“ఏమి సార్ అది? చిరతా?”

“ఊ.”

అంతే. నేను అల్లింది కాదు, ఆమె చేతికి అందించింది, నేను పట్టుకున్నాను. ఎన్నేళ్ళు ఈ మాటతో నన్ను నేను ఊరడించుకున్నానో మీకు చెప్పలేను. అయితే “యాడికి పాయె సార్?” అని ఆమె మళ్ళీ అడిగినప్పుడు తోపు వైపు చెయ్యి చూపించింది ఎవరు? ఆ చెయ్యి నాదే కదా.

మగవాళ్ళు కర్రలతో తోపులోకి పోయి అడుగుల జాడలు చూసి వచ్చారు. కుక్కవి అయి ఉంటాయి. అందరికీ చిరుతవి లాగే కనిపించాయి. స్టేషనులో నేను చెప్పింది రాసుకున్నారు. కోలారు ఆసుపత్రిలో, ఆ చెవికి ఇంక వినికిడి రాదని డాక్టరు చెప్పాక, మంజుల నాన్న వరండాలో నా కాళ్ళకు దండం పెట్టాడు. “చెవి పోతే పోనీ సార్, బిడ్డ మిగిలింది” అన్నాడు. నేను ఆయన్ను లేవనెత్తి భుజం తట్టాను. అంత నీచమైన పని నేను ఇంకొకటి చేసి ఉండను, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

ఎన్నికలయ్యాక తుపాకి తెచ్చుకోలేదు. చేలు కౌలుకిచ్చేశామని చెప్పి లైసెన్సు వదులుకున్నాను. కానీ ఆ పేరును వదులుకోలేదు. క్లాసులోకి అడుగు పెడితే పిల్లలు చప్పుడు చేయకుండా లేచి నిలబడేవాళ్ళు, నాకు అది ఇష్టంగా ఉండేది. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. మంజులకు సాయంత్రాలు విడిగా పాఠం చెప్పాను, హైస్కూలుకు పంపమని వాళ్ళ నాన్న వెంట పడ్డాను, టీచరు ట్రైనింగు అప్లికేషను నేనే నింపాను. సొంత కూతురి లాగా చూసుకుంటున్నాడని ఊరు మెచ్చుకుంది. చేసింది ప్రేమతోనా, భయంతోనా? రెండూ ఉన్నాయేమో. విడదీసి చూడటం నాకు రాదు.

ఒకసారి చెప్పబోయాను. ఆమెకు ఉద్యోగం వచ్చిన కొత్తలో కోలారుకు బస్సులో పోతున్నాం. నేను ఆమెకు ఎడమ పక్కన కూర్చున్నాను. టమోటా లారీలు వరసగా హారన్లు కొడుతూ దాటిపోతుంటే, ఆ మోతలో, “చిరత లేదమ్మా, నా చెయ్యే” అన్నాను. ఆమె ఇటు తిరిగి ఏమన్నారని అడిగింది. కిటికీ వెయ్యమన్నానని చెప్పాను. ఆ తర్వాత చాలా కాలం, చెప్పేశాను కదా, వినపడకపోతే నా తప్పా, అనుకుంటూ నిద్రపోయాను. మనిషి తనను తాను ఎంత దూరం మోసం చేసుకోగలడో నన్ను చూసి తెలుసుకోండి.

రిటైరయ్యాక నేను కేజీఎఫ్‌లో, మారికుప్పం రైలు స్టేషనుకు దగ్గర్లో ఉంటున్నాను. మొన్నొక ఆదివారం మంజుల వచ్చింది. ఆమె బడి కూడా అడవి అంచునే ఉంది. పోయిన నెల ఏనుగులు బడి గోడ తోసేశాయి, తర్వాత ఒక పొద్దున వరండా మీద చిరుత పడుకుని ఉంది. నిజం చిరుత. పిల్లలను లోపల పెట్టి తలుపులేసుకుని గంటన్నర కూర్చుందట. ఆ చుట్టుపక్కల టీచర్లంతా మీటింగు పెట్టుకున్నారు. లైసెన్సు ఉన్న టీచరు బడిలో తుపాకి ఉంచుకోవడానికి అనుమతి ఇమ్మని అర్జీ రాయాలని ఆమె పట్టుదల.

“సగం మంది ఒప్పుకోలే సార్. బడిలో తుపాకి ఏమిటికి అంటా ఉండారు. మీరు ఒక పేజీ రాసియ్యండి. ఆపొద్దు మీ చేతిలో అది లేకుంటే నేను ఈపొద్దు ఉంటానా? మీ కాగితం చూపిస్తే ఇంగ ఎవురూ నోరెత్తరు.”

“రాస్తానులేమ్మా” అన్నాను.

రాయడానికి కూర్చున్నాను కూడా. రెండు వాక్యాలు ఆ పాత కథే వచ్చింది, చాలా చక్కగా వచ్చింది. పెన్ను పెట్టేశాను. ఆమె అడిగింది అన్యాయం కాదు. తలుపు అవతల చిరుత, ఇవతల నలభై మంది పిల్లలు, చేతిలో చాక్‌పీసు. ఆ గంటన్నర గడిపింది ఆమె, నేను కాదు. వద్దనేవాళ్ళు ఏమంటున్నారట? మేష్టరుకు కోపం వస్తే ఏం గతి అని. నాకు ఆ రోజు కోపం రాలేదే. కావాలనేవాళ్ళు, శిక్షణ ఇప్పించి తాళం వేసి ఉంచుదాం అంటున్నారట. పన్నెండేళ్ళప్పటి నుంచి మా నాన్న నాకు నేర్పాడు, తాళమూ వేశాను. ఆ మీటింగులో ఎవరికీ తెలియంది నా ఒక్కడికే తెలుసు. బడి అంటే గంటకొక తొందర. ఎవరో వస్తారు, ఎవరో పిలుస్తారు, ఎవరికో కనబడకుండా దేన్నో పక్కన పెట్టాలి, అక్కడికి ఒక పిల్ల వస్తుంది. ఇది నేను చెప్పకపోతే, నా అబద్ధాన్ని సాక్ష్యంగా పెట్టుకుని ఇంకొక మేష్టరు తుపాకి తెస్తాడు. ఇంకొక పిల్ల పళ్ళెం కడుక్కుంటూ ఉంటుంది.

ఒక పేజీ రాశాను. కింద నా పేరు, పూర్తి పేరు, సంతకం. ఇక్కడ మీ ముందు పెట్టలేని పేరు అక్కడ పెట్టాను.

తరువాతి ఆదివారం ఆమె వచ్చి ఆ కాగితం చదివింది. చదవడం అయ్యాక కూడా కాగితంలోకే చూస్తూ అడిగింది.

“నేను ఆడ ఉండేది చూసినారా సార్, అప్పుడు?”

గమనించలేదని కాగితంలో రాశాను. మీకూ పైన అదే రాశాను. దాన్ని కొట్టేయడం లేదు, అట్లాగే ఉండనివ్వండి. ఒప్పుకుంటూ కూడా ఎట్లా దాచుకుంటానో మీకు తెలియాలి.

“చూసినానమ్మా.”

“పక్కకి పొమ్మని ఒక మాట అనింటే పోయుందును గదా సార్.”

“అట్లా అంటే తిరిగి చూస్తావనుకున్నాను. తుపాకి చూసి అందరికీ చెప్తావని.”

ఆమె కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. మీటింగులో చదువుతాను, పేరు తీసేయను, అంది. తీసెయ్యవద్దన్నాను. పోయేటప్పుడు ఎప్పుడూ చెప్పే ‘పోయొస్తా సార్’ అన్న మాట చెప్పలేదు, చెప్పులేసుకుని స్టేషను వైపు నడిచింది. వెంట పోవడానికి నాకు మొహం లేదు.

పదకొండు రోజులైంది. ఆమె ఫోను చేయలేదు. మీటింగు ఏమైందో నాకు తెలియదు, అడగను. మా ఆవిడకు ఆ సాయంత్రమే చెప్పాను. అప్పటి నుంచి నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. కేసు అవుతుందా, పెన్షను ఆగుతుందా అని భయం ఉంది. మంజుల క్షమించాలని కోరుకోవడం లేదు అంటే అది ఇంకొక అబద్ధం. కోరుకుంటున్నాను. అడగను.

నిన్న బజారులో ఆ పల్లె ముసలాయన ఒకరు కనిపించాడు. పక్కనున్న కొడుకుతో, ఈ సారే రా చిరతను తరిమింది, అన్నాడు. నేను కూరగాయల సంచి కింద పెట్టి, “చిరత రాలేదప్పా, అది అబద్ధం” అన్నాను. నేను వేళాకోళమాడుతున్నానని ఆయన పకపకా నవ్వాడు. నవ్వు అయ్యేదాకా నిలబడి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.