అద్దం మేస్త్రీ గాట్ల గోడ

పళ్ళ డాక్టరుగారి కొత్త ఇంటి హాల్లో పెద్ద గోడకి ప్లాస్టరింగ్ ముగించి, తాపీ కడిగి, రూళ్ళకర్ర ఓ మూల నిలబెట్టి, అద్దం మేస్త్రీ కూతురికి ఫోన్ చేశాడు.

"హాల్లో గోడ కూడా అయిపోయిందమ్మా," అన్నాడు.

"ఏ గోడ నాన్నా?" అని అవతలనుంచి వినపడింది.

"అదే, నువ్వు వదిలెయ్యమన్నావే, ఆ గోడ."

ఫోన్ కట్టయింది. సిగ్నల్ సరిగ్గా లేదనుకుని మేస్త్రీ క్యారేజీ విప్పుకుని భోజనానికి కూర్చున్నాడు.

ఆయనకి అద్దం మేస్త్రీ అన్న పేరు ఊరికే రాలేదు. ఆయన చెయ్యి పడిన గోడ మీద బల్లి కూడా ఆచితూచి అడుగేస్తుందని తోటి మేస్త్రీలు అనేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడని నిమిరి, తర్వాతే మనుషుల్ని పలకరించేవాడు. ఒకసారి ఆస్పత్రిలో బావమరిదిని చూడ్డానికి వెళ్ళి, మంచం వెనక గోడని అరచేత్తో తడుముతూ, "ఎవడు చేశాడో గానీ బొత్తిగా శ్రద్ధ లేదు," అన్నాడు. బావమరిది తన ఆపరేషన్ గురించి అనుకుని నర్సుని కేకేశాడు. "మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఈయన నా మొహం కంటే మా గోడనే ఎక్కువసేపు చూశారు," అని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. "వంకలు గోడలో ఉన్నాయి, నీలో లేవు. అందుకే," అని ఆయన సర్దిచెబుతూనే ఉంటాడు.

ఇంత నునుపు మనిషికి గరుకు మీద పగ ఎప్పుడు మొదలైందంటే, మీసాలు వస్తున్న వయసులో. అప్పట్లో ఊరి నడిబొడ్డున పెద్ద ప్రభుత్వ కార్యాలయం కడుతున్నారు. పోత కోసం బిగించిన సెంట్రింగ్ చెక్కలు విప్పగానే కాంక్రీటు బూడిదరంగులో బయటపడింది. చెక్కల చారలు, మేకుల గుర్తులు, సందుల్లోంచి కారి గట్టిపడ్డ సిమెంటు గీతలు, అన్నీ గోడ మీద అచ్చుపడి ఉన్నాయి. ఆయన పనిచేసే ప్లాస్టరింగ్ ముఠా సిమెంటు మాలు కలుపుకోబోతుంటే ఆర్కిటెక్టు వచ్చి, "దీనికి పైపూత ఉండదు. ఇంతే," అన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు ముఠా పెద్ద. "స్నానం చేసి, తుండుగుడ్డైనా లేకుండా వీధిలోకొచ్చినట్టుందయ్యా."

ఆర్కిటెక్టు నవ్వి వెళ్ళిపోయాడు. ముఠా అంతా ఎవరో పోయినట్టు తలలు వంచుకుని ఇంటిదారి పట్టింది.

ఊరు ఆ భవనానికి బూడిద డబ్బా అని పేరు పెట్టింది. జైలు అన్నవాళ్ళూ ఉన్నారు. వానలకి దాని మీద నల్లటి చారలు కారాయి. కొత్తగా వచ్చిన ఒక అధికారి ముందువైపు లేత గులాబీరంగు కొట్టించాడు. అది పెచ్చులూడి, చర్మవ్యాధి వచ్చినట్టు తయారైంది. కూలగొట్టేస్తారని పేపర్లో పడిన రోజు మేస్త్రీ ఆ వార్త ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు.

అందరిలో కూతురు కూడా ఉంది. అప్పటికి ఆమె ఆర్కిటెక్చర్ చదువుతోంది. మర్నాడు లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి తండ్రి ముందు తెరిచింది. రెండు పేజీలకి సరిపడా బూడిద డబ్బా ఫోటో ఉంది, గులాబీరంగు పడకముందుది.

"దీన్ని పుస్తకంలో ఎందుకు వేశారు? ఇలా కట్టకూడదని చెప్పడానికా?" అన్నాడు మేస్త్రీ.

"ఇలా కట్టారు చూడండి అని చెప్పడానికి," అంది కూతురు.

రెండో ప్రపంచయుద్ధంలో ఊళ్ళకి ఊళ్ళు కూలిపోయాక చాలా దేశాల్లో ఇళ్ళు, బళ్ళు త్వరగా లేపాల్సి వచ్చిందనీ, నగిషీలకి తీరికా స్తోమతూ లేకపోయాయనీ, కాంక్రీటుని కాంక్రీటులాగే కనపడనివ్వడమే నిజాయితీ అని కొందరు నమ్మారనీ ఆమె చెప్పుకొచ్చింది. ఆ పద్ధతిని బ్రూటలిజం అంటారట. తర్వాత జనానికి మొహం మొత్తి కొన్నింటిని కూలగొట్టారట. ఇప్పుడు మళ్ళీ కుర్రకారు కెమెరాలేసుకుని వాటి చుట్టూ తిరుగుతున్నారట, మిగిలినవాటిని కాపాడాలని సంతకాలు సేకరిస్తున్నారట.

మేస్త్రీ అంతా విని, "నువ్వూ సంతకం పెట్టావా?" అని మాత్రం అడిగాడు. పెట్టానంది. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

తన తాపీ మీద చదువుకున్న పిల్ల తాపీకి ఎదురు తిరిగిందని ఆయనకి లోపల బాధ. పైకి అనలేదు. ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు ఈ పళ్ళ డాక్టరుగారిది. ఈ ఇల్లు నిలబెడితేనే ఇంకొకరు పిలుస్తారు, తేడా వస్తే ఇంకెవరూ పిలవరు. మిగతా ఇటుక గోడలకి ప్లాస్టరింగ్ తండ్రికి అప్పగించి, "హాల్లో కాంక్రీటు గోడ వదిలెయ్ నాన్నా," అని చెప్పి వేరే ఊరు పని మీద వెళ్ళింది. తండ్రికి శ్రమెందుకని అలా అందనుకున్నాడాయన. గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కనపడే గోడ. దాన్ని అలా వదిలేస్తే కూతురికి ఎంత నామర్దా! తండ్రి ఉండి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా అని, ఎవరూ అడక్కుండానే ఒళ్ళు దాచుకోకుండా చేశాడు.

ఆమె సాయంత్రానికి వచ్చేసింది. గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ తెల్లవారుజాము చెరువులా మెరుస్తోంది. మేస్త్రీ పక్కకి జరిగి నిలబడ్డాడు, మెచ్చుకోలుకి చోటిచ్చినట్టు.

కూతురు వెళ్ళి ఒక సిమెంటు బస్తా మీద కూలబడింది.

"ఈ ఇల్లంతా ఆ గోడ కోసమే గీశాను నాన్నా," అంది చివరికి. "పైకప్పు అద్దంలోంచి వెలుగు పడి ఆ చెక్కల గీతలు కనపడాలని. డాక్టరుగారు సంతకం పెట్టింది ఆ బొమ్మ చూసి."

మేస్త్రీ గోడని చూశాడు, కూతుర్ని చూశాడు. తాను ఇన్నేళ్ళూ చేసిన పనుల్లోకెల్లా శుభ్రమైన పని ఎదురుగా ఉంది, పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో ఆయనకి అంతుపట్టలేదు.

"తీసేస్తాను. ఇంకా ఆరలేదు," అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి గీకడం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద పలకలుగా ఊడి వస్తుందనుకున్న ప్లాస్టరు, చిన్న పిల్ల చేతిలో బెల్లంముక్కలా ఎక్కడా వదల్లేదు. మేస్త్రీ పని అలాంటిది. చివరికి ఊడిన చోట లోపల చూసి కూతురు మళ్ళీ నిర్ఘాంతపోయింది. చెక్కల గీతలు లేవు. గోడ పొడుగునా ఉలి గాట్లు, అమ్మవారు పోసినట్టు.

"ఇదేంటి నాన్నా?"

"గాట్లు. పెట్టకపోతే కాంక్రీటుకి ప్లాస్టరు పట్టదు కదమ్మా."

"గోడంతా పెట్టావా?"

"రేపు ఏ మూలో పెచ్చూడితే నీకు కదా చెడ్డపేరు," అన్నాడాయన, గొంతు తగ్గించి.

కూతురికి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. గాటు పడిన చోట సిమెంటు పొర లేచిపోయి లోపలి కంకర తొంగిచూస్తోంది. నీలం రాయి ఒకటి, ఇటుకరంగుది ఒకటి. వేలితో రాసింది. వెనక్కి వెళ్ళి చూసింది. మళ్ళీ దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఇవి ఇంకా దగ్గరదగ్గరగా కొట్టగలవా? గోడ మొత్తం. లోపలి రాళ్ళు కనపడేలా."

"కొట్టి?"

"కొట్టి వదిలెయ్యాలి. కొందరు కావాలనే ఇలా సుత్తితో చెక్కి వదిలేసేవాళ్ళు. నేను ఫోటోల్లోనే చూశాను."

మేస్త్రీకి గాట్లంటే లోపలి సంగతి. అది లోకానికి చూపించడమంటే రవిక కుట్లు తిరగేసి తొడుక్కున్నట్టు. "అది పనికి ముందు చేసే పనమ్మా, పని కాదు," అన్నాడు.

"ఇంకో దారి లేదు నాన్నా," అంది కూతురు. "ఉంటే చెప్పు."

లేదు. ఆయన ఉలి తీసుకున్నాడు.

మొదట దారం కట్టి వరసలు తీర్చబోతే ఆమె దారం విప్పేసింది. పక్కింటి ముగ్గులా ఉండకూడదంది. మేస్త్రీ గొణుక్కుంటూనే ఏటవాలుగా కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడా లోపలి ఇనపచువ్వల దాకా పోనివ్వలేదు. సగం గోడ అయ్యాక, మధ్యాహ్నం ఎండ పైఅద్దంలోంచి వాలి గాట్లన్నిటి మీదా ఒక్కసారిగా పడింది. గోడ మీద వాన కురుస్తున్నట్టు నీడలు లేచాయి. మేస్త్రీ సుత్తి గాల్లోనే ఆగిపోయింది. చుట్టూ చూశాడు, ఈ పని ఇంకెవరైనా చేశారేమోనని. తర్వాత అలవాటు కొద్దీ అరచెయ్యి గోడకి ఆనించి, చురుక్కుమనేసరికి తీసుకున్నాడు.

డాక్టరుగారు వచ్చే రోజు, "తప్పు నాదని నేను చెప్తాను, నువ్వు వెనక నిలబడు," అన్నాడు కూతురితో.

"గోడ గీసింది నేను. చెప్పేదీ నేనే," అంది.

డాక్టరుగారు తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. గుమ్మం దాటగానే గోడ చూసి ఆగిపోయారు. కూతురు ఏదీ దాచలేదు. మీరు ఒప్పుకున్న గోడ ఇది కాదు, ఆ గీతలు ఇక రావు, ఎందుకంటే ఇదీ జరిగింది, అని మొదటినుంచీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ మేస్త్రీ నేలచూపులు చూస్తూ ఉన్నాడు. ఆయన డాక్టరు నోటివంక కూడా చూడలేకపోయాడు.

డాక్టరుగారు గోడ దగ్గరికెళ్ళి, పన్ను చూసినట్టు వంగి చూశారు.

"ఆ బొమ్మలో గీతలు నాకు నచ్చాయమ్మా. అవి లేవని మీరు చెప్పకపోతే ఇప్పుడు వెతికి ఉండేవాణ్ణి," అన్నారు. "కానీ అందరి నోళ్ళూ తెరిపించడం నా వృత్తి. నా నోరు తెరిపించిన గోడ ఇదే. ఉండనివ్వండి. మా తమ్ముడు కూడా ఇల్లు మొదలుపెడుతున్నాడు, వచ్చి చూడమంటాను."

మేస్త్రీ ఆ గోడకే ఆనుకోబోయి, గుర్తొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

డాక్టరుగారి తల్లి మాత్రం ఇంకా గోడ ముందునుంచి కదల్లేదు. ఆవిడకి ఇందాకటి మాటలు ఒక్కటీ తలకెక్కలేదు.

"ఏమయ్యా, అద్దం మేస్త్రీవంటారు, ఇంత పేరున్నవాడివి," అందావిడ. "నడింట్లో గోడ ఇలా ముళ్ళపందిలా వదిలేశావేంటి? దీనికి ప్లాస్టరింగ్ చెయ్యవా?"

మేస్త్రీ ఒకసారి కూతురివైపు చూసి, చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు:

"చేసి చూశానండీ, బాగాలేదని తీసేశాను."