రాక్షసి గుళ్ళ రాళ్ళు

నిన్న ఐరాల దారిలో జేసీబీ గుట్టను చదును చేస్తుంటే చూశాను. అప్పటినుంచి అన్నం దిగడం లేదు. మా ఈడు వాళ్ళకు గుర్తున్నాయా, ఆ గుట్ట మీది రాక్షసి గుళ్ళు? ఏ కాలానివో సమాధులు, ఒక్కోదాని మీద రాళ్ళ కుప్ప. మేకలు తోలుకుపోతూ తలా ఒక రాయి వేసి దండం పెట్టేవాళ్ళం.

ఒకరోజు నేను వేయకపోగా, అచ్చనగాయల ఆటకని అయిదు నున్నటి రాళ్ళు ఒళ్ళో కట్టుకొచ్చాను. ఆ సాయంత్రమే తమ్ముడికి జ్వరం. రాళ్ళ సంగతి అవ్వకు చెప్పేశాను. తెల్లారగానే నన్ను గుట్టకు నడిపించి, నాచేతే రాళ్ళు పెట్టించింది.

"వాళ్ళకు కోపమొచ్చిందా అవ్వా? తమ్ముడ్ని తీస్కపోతారా?"

"సచ్చినోళ్ళకు కోపమేంది మే! ఏ తల్లో బిడ్డను పూడ్సి, నక్కలు తవ్వకుండా పేర్సుకున్న రాళ్ళు. దావన పోయేవాళ్ళం ఒగటేస్తే ఆయమ్మకు సాయం. ఆడుకోను నీకు యాడా రాళ్ళే దొరకలేదా?"

మూడో రోజుకు తమ్ముడు లేచి సంగటి తిన్నాడు. నేను మాత్రం ఈనాటికీ, ఇంట్లో ఏ బిడ్డకు ఒళ్ళు వెచ్చబడినా, ఎవరిదేం తెచ్చిపెట్టానోనని మూలమూలా వెతుకుతాను. అలిసిపోయాను గానీ, మానలేకున్నాను.