కర్టెన్లామె కిటికీకి కర్టెన్

ముందు ఆ పుకారు సంగతి తేల్చేయాలి. మన వీధిలో కర్టెన్లు కుట్టే ఆమెకీ, అదే ఇంట్లో మేడమీద ఉండే చిన్న తోడికోడలికీ వాటాల దగ్గర చెడిందనీ, రేపో మాపో మెట్ల మధ్య గోడ లేస్తుందనీ చెప్పుకుంటున్నారు. గోడా లేదు, వాటాలూ లేవు. ఉన్నదల్లా ఒక ఆడపడుచు. ఆ ఆడపడుచు కూడా మనిషి కాదు.

పుకారు పుట్టింది మూలమీది కిరాణా కొట్టులో. కొట్టామెను తిట్టుకుని లాభం లేదు, పాపం కళ్ళారా చూసిందే చెప్పింది. కర్టెన్లామె అందరి కిటికీలకీ కుట్టిపెట్టింది గానీ, తన కిటికీకి ఏనాడూ పీలిక కూడా కట్టుకోలేదు. సూదిలో దారం ఎక్కించాలంటే వెలుతురు కావద్దూ అనేది. అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఆ కిటికీకి ముదురు గోధుమరంగు కర్టెన్ వేలాడింది. మందపాటి బట్ట, లోపల లైనింగ్ కూడా. ఆ కిటికీ మేడమెట్ల వైపు ఉంటుంది. ఇక చెప్పేదేముంది?

"అక్కా, కర్టెన్ కట్టావేం?" కొట్టామె అడిగింది.

"ఊఁ."

"చిన్నదాని మొహం చూడలేకనా?"

"ఊఁ."

కర్టెన్లామె నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. పెదాల మధ్య వరసగా పెట్టుకుని, మడతకొకటి తీసి గుచ్చుతుంది. సూదులున్న నోటితో అంతకంటే ఎవరైనా ఏం మాట్లాడగలరు? ఆమె మొగుడు పంపులు బాగుచేస్తాడు. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాం నోట ఎదురుమాట ఎరగనని నలుగురిలో చెప్పుకుని మురిసిపోతాడు. అదంతా గుండుసూదుల చలవ.

అసలు సంగతి ఒక సంచీతో మొదలైంది. పెద్ద బంగళా ఆవిడ ఒకరు పాత కర్టెన్లు తెచ్చి, పొడుగు తగ్గించమని ఇచ్చి వెళ్ళింది. సంచీ అడుగున రెండు వీడియో గేములు దొరికాయి. అరచేతిలో పట్టే పెట్టెలు, మీటలు నొక్కి ఆడేవి. రెంటినీ కలపడానికి మూరెడు వైరు. తిరిగి ఇవ్వబోతే, "మా పిల్లలు పెద్దాళ్ళయిపోయారు, చెత్తలో పారేయండి" అందట. విరిగిన కర్టెన్ రింగుల్ని కూడా డబ్బాల్లో దాచుకునే మనిషి, వాటిని చెత్తలో వేస్తుందా?

మందుల షాపులో పనిచేసే చిన్న తోడికోడలు వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, ఇది ఏదో దేశపు బొమ్మల సీరియల్. అందులో వాళ్ళు రాక్షసుల బొమ్మలున్న కార్డులతో పందేలు వేసుకుంటారు. అవే కార్డులు అచ్చేసి పిల్లలకి అమ్మారు. తర్వాత ఆ ఆటనే ఇందులో పెట్టారు."

"ఒకే బట్టని మూడుసార్లు తిప్పి కుట్టారన్నమాట," అంది కర్టెన్లామె.

తెరమీది రాత కోడి గెలికినట్టుంది, ఇద్దరికీ ఒక్క ముక్క రాదు. ఓడిపోతూ, ఓడిపోతూ నేర్చుకున్నారు. పెట్టె ఏదన్నా అడిగి రెండు వరసలు చూపిస్తే పైది అవును, కిందది కాదు. ఇది చిన్నది కనిపెట్టిన సూత్రం. పెట్టెలోని మనుషుల్ని ఓడిస్తే కొత్త కార్డులొస్తాయి. వైరు తగిలిస్తే ఒకరి కార్డు ఒకరికి ఇచ్చుకోవచ్చు. ఇచ్చినవాళ్ళ దగ్గర మాత్రం అది ఇక ఉండదు.

కార్డులకి పేర్లు వాళ్ళే పెట్టుకున్నారు. బండరాయిలాంటి రాక్షసుడు ఒకడున్నాడు, ఎంత కొట్టినా ఉలకడు పలకడు. వాడు "బావగారు". మూడు తలల పక్షి, మూడు నోళ్ళూ తెరుచుకునే ఉంటాయి, అది "కొట్టామె". ఇక అన్నిటికంటే గట్టిది రెక్కలూ, చేతిలో దీపమూ ఉన్న ఒకావిడ. ఆవిడ దిగిందంటే ఎదుటివాళ్ళ కార్డులన్నీ నోరు మూసుకుని బోర్లా పడాల్సిందే. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఆ ఇంటి అన్నదమ్ములకి ఆడతోబుట్టువు లేదు. ఆ లోటు అలా తీరింది. ఆడపడుచు చిన్నదానికే దొరికింది. కర్టెన్లామె ఎంత ఆడినా ఆవిడ ఇటు తొంగి చూడలేదు.

వైరు మూరెడే కాబట్టి ఇద్దరూ మెట్లమీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవాళ్ళు. చిన్నది షాపు నుంచి వచ్చాక, కర్టెన్లామె మిషన్ ఆపాక. రోజు మొత్తంలో ఆమె నోట్లో సూదులు లేనిది ఆ కాసేపే. పుట్టింటి కబుర్లు, భుజం నొప్పి, తను చిన్నప్పుడు బడి మానేయాల్సి వచ్చిన సంగతి, మొగుడికి కూడా చెప్పనివన్నీ ఆ మెట్లమీద బయటికొచ్చేవి. చిన్నది మీటలు నొక్కుతూనే ఊఁ కొట్టేది. అక్కడ ఊఁ కొట్టడం ఆమె వంతు.

ఒకరోజు చిన్నదానికి జాలేసింది.

"నా ఆడపడుచుని ఓ వారం నీ దగ్గరుంచుకో అక్కా. ఆవిడతో కాపురం ఎలా ఉంటుందో నీకూ తెలుస్తుంది. మళ్ళీ పంపించెయ్యాలి సుమా."

"పంపకేం చేస్తాను, చీర పెట్టి మరీ పంపిస్తాను," అంది కర్టెన్లామె, పొంగిపోతూ.

మర్నాడు మధ్యాహ్నం మిషన్ మీద పని పక్కకి నెట్టి పెట్టె తెరిచింది. తెరవగానే రెండు వరసలు వస్తాయి, పైది ఆట మొదటినుంచీ, కిందది ఆపిన చోటినుంచీ. గుర్తు ఎప్పుడూ కిందదాని మీద ఉంటుంది, చూడకుండా నొక్కేయడమే. ఆ రోజు వేలు జారి గుర్తు పైకి వెళ్ళింది. పెట్టె ఏదో అడిగింది. పైది నొక్కింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ పైదే. పెట్టెని అనడానికి లేదు, అది రెండుసార్లు అడిగింది.

టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు తెరమీదికొచ్చి వంగి దణ్ణం పెట్టాడు. ఆట దొరికిన కొత్తలో, మొట్టమొదటి రోజు కనిపించినవాడు. ఆయన్ని చూడగానే కర్టెన్లామెకి పై ప్రాణాలు పైనే పోయాయి. కార్డులు వెతికింది. పుట్టగొడుగు, తాబేలు, బొద్దింకలాంటిదేదో. ఆడపడుచు లేదు. ఆడపడుచు సరే, బావగారు కూడా లేడు.

చెప్పేస్తే పోయేది. కానీ అప్పగించిన వస్తువుని ఒక్కరోజు కూడా నిలబెట్టుకోలేదని ఏ మొహంతో చెబుతుంది? మొదటినుంచీ ఆడి, ఆడపడుచుని మళ్ళీ సంపాదించి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేద్దామనుకుంది. అందాకా మెట్లెక్కే చిన్నదాని కంట పుట్టగొడుగు పడకూడదు. అదీ కర్టెన్ కథ.

సాయంత్రం చిన్నది కిటికీ దగ్గర ఆగి, "అక్కా, రావా?" అని పిలిచేది. కర్టెన్లామె గబుక్కున సూదులు నోట్లో పెట్టుకుని, కర్టెన్ అంచు తొలగించి, పనుందన్నట్టు తల ఊపేది. నోట్లో సూదులున్నాయి గానీ చేతిలో బట్ట లేదు. చిన్నది అది చూసింది. కొన్నాళ్ళకి పిలవడం మానేసింది.

ఒకరోజు పంపులాయన చేతులు కడుక్కుంటూ, "తమ్ముడు వేరే ఇల్లు చూసొచ్చాడట," అన్నాడు.

కర్టెన్లామె సూదులు తీసింది. "ఎందుకట?"

"నువ్వు పొమ్మంటున్నావని కొట్టామె వాళ్ళావిడతో అందట. పొమ్మన్నావా?"

"నేనెందుకంటాను?"

"నన్నడిగితే? నువ్వు నాతో ఏదన్నా చెబితేగా."

ఆ రోజు ఆమె ఒక కర్టెన్ తలకిందులుగా కుట్టింది. పూలన్నీ నేలచూపులు చూస్తున్నాయి. తీసుకెళ్ళినావిడ కొత్త ఫ్యాషన్ అనుకుని పక్కింటామెని కూడా పంపించింది. పంపించినా కర్టెన్లామెకి పని మీద మనసు లేదు. మెట్లు ఖాళీగా ఉంటే ఆ ఇల్లు తను ఎలా భరిస్తుంది? మిషన్ పక్కన పెట్టె పెట్టుకుని, ఒక మడత కుట్టి, పెట్టెలో ఒకణ్ణి ఓడించి, మళ్ళీ ఒక మడత. బావగారు దొరికాడు. మూడు తలల కొట్టామె పిలవకుండానే వచ్చింది. ఆడపడుచు మాత్రం రాలేదు.

ఆదివారం చిన్నది షాపు నుంచి తెచ్చిన దగ్గుమందు అట్టపెట్టెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని మెట్లెక్కుతోంది. సామాను సర్దడానికని తెచ్చింది. కిటికీ దగ్గరికి రాగానే ఆగింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి కర్టెన్ పక్కకి లాగింది. లోపల కర్టెన్లామె. నోట్లో సూదులు, చేతిలో పెట్టె.

"బాగా కుట్టావక్కా. లైనింగ్ కూడా వేశావు. నేను కనబడకుండా ఉండటానికి మామూలు బట్ట చాల్లేదా?"

"ఊఁ..."

"ఊఁ అనకు. ఆ ఊఁ వల్లే ఇంత దూరం వచ్చింది. సూదులు తియ్యి. నాకేం తొందర లేదు."

కర్టెన్లామె ఒక్కొక్క సూదీ తీసి చిన్న దిండుకి గుచ్చడం మొదలుపెట్టింది. చిన్నది అట్టపెట్టెలు మెట్టుమీద దించింది. మేడమీంచి ఆమె మొగుడు కేకేశాడు.

"ఎంతసేపే?"

"ఆగండీ, అక్క మాట్లాడబోతోంది!"

పైన చప్పుడు ఆగిపోయింది. పెరట్లో పంపులాయన కూడా సుత్తి కింద పెట్టాడు.

చివరి సూది దిండులో దిగింది.

"సూటిగా చెప్పక్కా. మమ్మల్ని పొమ్మంటావా, ఉండమంటావా?"

కర్టెన్లామె పెట్టెని ఊచల మధ్యనుంచి చిన్నదాని ముందు పెట్టింది. తెరమీద తాబేలు ఉంది.

"నీ ఆడపడుచుని పోగొట్టాను. పైది అవునని నొక్కితే అంతా తుడిచిపెట్టుకుపోయింది. మొదటినుంచీ ఆడుతున్నాను, ఇంకా దొరకలేదు. అది దొరికి నీ చేతికి అప్పజెప్పేదాకా మీరు ఇల్లు మారడానికి వీల్లేదు. దొరికినా నీకు చెబుతాననుకోకు."