కండక్టరు బావ చేపలగుంట

మా బావ బస్సు కండక్టరు. బస్సు ఎంత కిక్కిరిసినా స్టాపులో ఒక్కరినీ వదిలిపెట్టి రాడు. "లోపలికి జరగండమ్మా, ఇంకొకరికి చోటుంది" అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. చివరికి తన సీటు కూడా ఏ ముసలావిడకో ఇచ్చేసి, దారి పొడుగునా నిలబడే వస్తాడు. కాళ్లు వాచిపోయాయని అక్క మొత్తుకున్నా వినడు.

ఆ జబ్బే పెరట్లోని చేపలగుంటకూ అంటించాడు. మంచం పట్టేంత చోటు లేని గుంట అది. మొదట్లో అందులో ఒక్క ఎర్రచేపే ఉండేది. ఇప్పుడది మోచేతి పొడవైంది. బావ డ్యూటీ దిగొచ్చి, బూట్లయినా విప్పకుండా గట్టున కూలబడితే, ఆయన చేతిలోంచే తింటుంది. రోజంతటిలో ఆయన మొహాన నవ్వు కనబడేది అప్పుడే. తర్వాత ఇల్లు ఖాళీ చేసేవాళ్లూ, అద్దాల తొట్టి పగిలినవాళ్లూ తమ చేపల్ని తెచ్చిస్తే, మహానుభావుడు ఒక్కరినీ కాదనలేదు.

ఈ ఎండాకాలం, పొద్దున లేచేసరికి చేపలన్నీ నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు చచ్చి తేలాయి. నేను వెళ్లి చేపలకొట్టు ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. ఆయన గుంటలోకి చూసి పెదవి విరిచాడు.

"ఇన్నిటికి గాలి చాలదండీ. ఆ పెద్దది ఉంటే దాంతోపాటు రెండో మూడో బతుకుతాయి. అది పోతే చిన్నవన్నీ బతుకుతాయి. పెద్దదాన్నయితే నేను తీసుకెళ్తాను, నా దగ్గర పెద్ద తొట్టి ఉంది. ఈ చిన్నవాటిని ఎవరూ తీసుకోరు."

"తలా కాస్త సర్దుకుంటే?" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. "ఇది నీ బస్సు కాదు బావా! వచ్చే స్టాపులో ఎవరూ దిగిపోరు."

అక్క మాత్రం మెల్లగా అంది. "పెద్దదాన్నే ఉంచుకోండి. మీకున్న సరదా అదొక్కటే కదా."

బావ గట్టున కూలబడ్డాడు. తర్వాత నీళ్లలో చెయ్యి పెట్టాడు. మేత అనుకుని ఎర్రచేప తనంతట తానే చేతిలోకి వచ్చింది. బకెట్లోకి వదిలాడు.

కొట్టాయన బకెట్టును బండిలో పెట్టుకున్నాడు. బావ అలవాటుగా బండి రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్, రైట్" అన్నాడు. నాకు ఏడుపొచ్చి మొహం తిప్పుకున్నాను.

చేపలిప్పుడు పొద్దున్నే పైకి రావడం లేదు. బావ డ్యూటీ దిగొచ్చి, ముందు బూట్లు విప్పుకుంటున్నాడు.