ఒకటో పాట ఒక్కటే సరిపోయింది

నా చేతులకు పని నేర్పిన దేవునికి స్తోత్రం. గొంతునిచ్చినవాడు ఆయనే, అది తడబడినప్పుడు నిలబెట్టేవాడూ ఆయనే. ఆయన నామానికే మహిమ.

బోగోలు దగ్గర మా సంఘంలో పాటలు నడిపించే అక్కకు చూపు మసకబారింది. పాటల పుస్తకంలోని అక్షరాలు చీమలబారులా కనిపిస్తున్నాయట. "ఈ ఆదివారం కూడా తప్పు పాడితే ఇంకెవురికన్నా అప్పజెప్తా తమ్ముడా. దేవుని పాటను పాడుచేయకూడదు గదా," అంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఎత్తుకున్న పల్లవి వెనకే పాడినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నాది కంప్యూటర్ పని గనుక, పాటలను ప్రొజెక్టరుతో గోడమీద పెద్ద అక్షరాలతో చూపే చిన్న ప్రోగ్రాం రాశాను. మందిరంలోని పాత ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ లేదు. ఆ ప్రోగ్రాం నడవడానికి కావలసిన పైథాన్‌తో సహా అన్నీ పెన్‌డ్రైవ్‌లో సర్ది, పైన ఒక బ్యాచ్ ఫైలు పెట్టాను. దానిమీద రెండుసార్లు నొక్కితే చాలు, కావలసినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి పైథాన్‌ను లేపుతుంది. అక్కడి నుంచి నేను రాసిన పైథాన్ స్క్రిప్టు పాటలను వరుసగా పేర్చి నంబర్లు వేస్తుంది.

మావాళ్లు ఏ పని మొదలుపెట్టినా పుస్తకంలో ఒకటో పాటే పాడతారు. నేనూ ఆ అలవాటునే ఒకటో పాట తెరిచి చూశాను. చక్కగా వచ్చింది. స్తోత్రం చెప్పి మూసేశాను.

ఆదివారం పంట కృతజ్ఞత కూడిక. అక్క లేచి, "రెండో పాట" అంది. నేను రెండు నొక్కితే గోడమీద సమాధి దగ్గర పాడే పాట వచ్చింది.

"వడ్లు ఇంటికి రాకముందే మనల్ని పంపించేస్తా ఉండాడే!" అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. పుస్తకం మూసి కూర్చుంది.

అది పదో పాట. పది కూడా ఒకటితోనే మొదలవుతుంది గదా, ఫైళ్ల పేర్లలో మొదటి అంకెను పట్టుకుని స్క్రిప్టు ఒకటి తర్వాత పదిని నిలబెట్టింది. ఒకటో పాట ఎలా పేర్చినా ఒకటోదే గనుక నాకు తప్పు కనబడలేదు.

ఇంతలో పాస్టరు అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన పొడుగని మేం గొణుక్కునేవాళ్లం. ఆ రోజు ఆ పొడుగే నన్ను ఆదుకుంది. కళ్లు తెరుచుకునే, మధ్యమధ్య ఆమేన్ అంటూ, పేరులోని సంఖ్య మొత్తాన్నీ పాట నంబరుగా తీసుకొమ్మని పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్టులో ఒక వరుస మార్చి, బ్యాచ్ ఫైలు మళ్లీ నొక్కాను.

"నీ కంప్యూటరుకు ఎక్కాలు రావా తమ్ముడా?" అంది అక్క మెల్లగా.

"ఇప్పుడే నేర్పినానక్కా. ఇంకొక్కసారి పిలువు."

ఆమె లేచి పిలిచింది. గోడమీద రెండో పాట నిలబడింది. "కనపడతా ఉండాయి," అంది, నాతో కాదు. తర్వాత పల్లవి ఎత్తుకుంది. నాకు మాత్రం ఆ అక్షరాలు కన్నీళ్లలో అలుక్కుపోయాయి.

వచ్చే నెల ఆమెకు కంటి ఆపరేషన్. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, ఆ కళ్లను నీ చేతితో ముట్టు, ఆ పల్లవి మా మధ్య ఇంకా వినబడనివ్వు అని మాతో కలిసి అడగండి.