బూడిద రోడ్డు

నిన్న మా ఇంటికి వెల్ల వెయ్యడానికి వచ్చినాయన డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశాడు. బుసబుసమని ఆవిరి లేచి ఆ ఘాటు ముక్కుకు తగిలింది. అంతే, నేను మళ్లీ గుంతకల్లు దగ్గర రోడ్డు మీద, ఓవర్సీరు హుస్సేనప్ప గారి పక్కన నిలబడ్డాను.

డెబ్బయ్యో దశకం చివరి మాట. డిప్లొమా చేతబట్టుకొని ఆయన కింద కొత్తగా చేరాను. అక్కడంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన ఎంత కంకర పరిచినా రోడ్డు ఏడాదికే వంకర్లు పోయేది. ఆవిరి ఇంజన్ల షెడ్డు దగ్గర కుప్పలుగా పడివున్న బొగ్గు బూడిదను సున్నంతో కలిపి ఆ మట్టికి పట్టిస్తే పునాది గట్టిపడుతుందని హుస్సేనప్ప గారు పెద్ద ఇంజనీరును పోరి పోరి ఒప్పించారు. అనుమతి ఒక్క ఫర్లాంగుకే. అది చెడితే ఇక ఎవరూ బూడిద మాట ఎత్తరు. తడిపిన మట్టిని పిడికిట బిగించి చూడమనేవారు. ముద్ద నిలవాలి, అరచేతికి అంటకూడదు. ఏ పుస్తకంలోనూ నాకు కనబడని పాఠం అది.

రోలరు తొక్కాక వారం రోజులు తడి ఆరకూడదు. ఆ ఏడు చూస్తే కరువు. మూడో రోజు పక్క ఊరి ఆడవాళ్లు బిందెలతో, రోడ్డు తడపడానికి తెచ్చిన నీళ్ల ట్యాంకరుకు అడ్డం నిలబడ్డారు. వాళ్లలో లక్ష్మక్క అనే ముసలామె నావైపు తిరిగింది.

"బూడిదలో పన్నీరు పోసేది సామెతలో ఇన్నాం గానీ, కరువులో నీళ్లు పోసేది ఇప్పుడే చూస్తాండాం నాయనా."

నాకు ఒళ్లు మండింది. బండి పోనియ్యమని డ్రైవరుకు చెప్పాను. అంతలో హుస్సేనప్ప గారు సైకిలు దిగి కొళాయి విప్పించారు. రోడ్డు పోతుంది సార్ అని నేను గట్టిగానే అన్నాను.

"ముందు తాగనీప్పా. మిల్లు కాడ నుంచి బుడ్డల పొట్టు తెప్పించినా. రోడ్డు మీద పరిచి, మిగిలిన నీళ్లతో దాన్ని తడుపు. తడి నిలుస్తాది."

అలా చెప్పి బుక్కరాయసముద్రంలో రెండు రోజుల పని ఉందని బస్సెక్కి వెళ్లిపోయారు. అందరి ముందూ నా మాట తీసేశారని నాకు రోషం. ఆ వేరుశనగ పొట్టును ముట్టుకోలేదు. పోతే పోనీ, ఆయనకే తెలిసొస్తుందిలే అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగిందదే. మిగిలిన నీళ్లు సగం రోడ్డు తడపడానికే సరిపోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి మిగతా సగం తెల్లగా పొడిబారింది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పట్టలేదు.

తొలి వానకే ఆ సగంలో బస్సు చక్రం దిగబడింది. పెద్ద ఇంజనీరు వచ్చి, ఇదెవరి నిర్వాకం అని అడిగారు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

"నేనే సార్," అన్నారు హుస్సేనప్ప గారు. "నీళ్లు ఊరికిప్పిచ్చినా. తడిపిన కాడ పొడిచి చూడండి, గునపం దిగదు. బూడిదది తప్పు లేదు."

గునపం దిగలేదు. బూడిద పని పక్క రోడ్లకూ పాకింది. ఆయన్ను మాత్రం కొత్తచెరువు వైపు బదిలీ చేశారు, రావలసిన ప్రమోషన్ ఆపేశారు.

వెళ్లేరోజు బస్టాండుకు పోయి నిజం చెప్పబోయాను. నన్ను నోరు తెరవనివ్వలేదు.

"పొట్టు కుప్ప కుప్పగానే ఉన్నింది. ఊరి నుంచి తిరిగొచ్చినప్పుడే చూసినాలేప్పా."

ఆ సగం మళ్లీ వేసేటప్పుడు తడి ఆరనీయొద్దని కిటికీలోంచి చెప్పారు, బస్సు కదిలింది. తర్వాత నేనూ ఇంజనీరునయ్యాను. కిందివాళ్ల తప్పు పైకి వచ్చినప్పుడల్లా "నేనే సార్" అనడం నేర్చుకున్నాను. అదేమంత కష్టం కాదు. నా తప్పుకు నేను అనవలసిన ఆ ఒక్క "నేనే" మాత్రం, వినవలసిన మనిషి పోయాక, ఇలా మీతో అంటున్నాను.